అంతర్ధానమునకు కర్త యెవరు? – శ్రీలంకలో కనబడకుండ చేయబడినవారిని గూర్చి ఒక భాషావివేచనము

శ్రీలంక ఉత్తరప్రాంతమును గూర్చి కొన్నియేండ్ల క్రిందట నేను వ్రాసి పంపిన యొక వ్యాసమున, ‘కనబడకుండ చేయబడినవారు’ అని నేను వాడిన ప్రతిచోటను పరిశీలకు లెవరో ఆ మాటను కొట్టివేసి, ‘తప్పిపోయినవారు’ అని దిద్ది, అంచున ‘సంక్షిప్తత కొఱకు’ అని కారణము వ్రాసి అచ్చునకు పంపిరి. వ్యాసప్రతులు ఇరువదియైదు నా చేతికి వచ్చినపిమ్మటగాని నే నా దిద్దుబాటును చూడనైతిని. అచ్చుతప్పులకు నొచ్చుకొను వయస్సు దాటినవాడనే యైనను, ఈ దిద్దుబాటు మాత్రము నన్ను నాటినుండి నేటివరకు విడువలేదు. ఏలయన ఆ వ్యాసమునకు ఆధారమైన యాత్రలో అదే తప్పును నేనే చేసి, ఒక తల్లిచేత దిద్దించుకొని వచ్చియుంటిని.

కిళినొచ్చిలో కందసామి కోవెల యెదుట, 2017 ఫిబ్రవరి 20వ తేదీన తల్లులు కూర్చుండిన గుడారమది. నేను పోవునప్పటికి వారు కూర్చుండి యేడాది దాటినది. వరుసగా వ్రేలాడదీసిన ఛాయాచిత్రములలో కొన్ని పెండ్లినాటివి, కొన్ని బడిలో తీయించినవి. ఎండకు వెలిసి, ముఖములకన్న ముందు చొక్కాల రంగులు పోయినవి. చాపపై నా ప్రక్కన కూర్చుండి, నా పుస్తకమున తమిళాక్షరములతో నేను ‘కాణామల్ పోనోర్’ అని వ్రాయుచుండగా చూచిన యొక ముదుసలి, వ్రేలితో ఆ రెండవమాటను మూసి, ‘తంబీ, పోలేదు, నా బిడ్డ యెక్కడికిని పోలేదు’ అనెను. అటుపిమ్మట ఆమెయే ‘కాణామల్ ఆక్కప్పట్టోర్’ అని పలికి, నేను వ్రాయువఱకును వ్రేలు తీయదయ్యెను. ఆ తల్లుల సంఘముల ఫలకములమీద సయితము ఆ మాటయే యున్నది. దానికి ముందు ‘వలిందు’, అనగా బలిమిమై, అను విశేషణమును గలదు.

తమిళము మనకు సోదరభాష యగుటచేత ఈ భేదము తెలుగువానికి వివరింప నక్కఱలేదు. మొదటిది అకర్మకము, రెండవది సకర్మకము. మొదటిదానిలో పోయినవాడే కర్త, రెండవదానిలో పోయినవాడు కర్మము, కర్త వేఱొకడు. సింహళమున వాడుకలోనున్న ‘అతురుదహన్’ అను మాట మన ‘అంతర్ధాన’మే. పురాణములలో దేవత ప్రత్యక్షమై, వరమిచ్చి, తనంత తాను అంతర్ధానమగును; అట్లగుట దేవతల లీల. కూలికి పోయి వచ్చుచు దారికాపువారి యెదుట సైకిలు దిగిన పందొమ్మిదేండ్ల పిల్లవానికి ఆ శక్తి యెక్కడిది?

ఇచ్చట పూర్వపక్షమును ప్రస్తావింపవలసియున్నది. మన విద్యార్థులకు ప్రమాణముగ చెల్లుచున్న యొక న్యాయశాస్త్రగ్రంథమున దాని కర్త, ఈ పదవివాదము భావోద్రేకజనితమనియు, ‘తప్పిపోయినవాడు’ అనునది నేరమెవరిదో చెప్పక న్యాయస్థానమునకు విడిచిపెట్టు తటస్థపదమనియు, పరిశోధకుడు సంఖ్యలను చూడవలెగాని సంజ్ఞలను చూడరాదనియు తీర్మానించిరి. వారి పాండిత్యమునెడల నాకు గౌరవము కలదు. కాని తిరునాళ్ళలో బిడ్డ తప్పిపోవును, మందనుండి దూడ తప్పిపోవును; అప్పుడు కర్త ఆ బిడ్డయే, ఆ దూడయే. కనుక ఆ పదము కర్తవిషయమున మౌనము వహించుటలేదు; కర్తను తప్పుగ చెప్పుచున్నది. పట్టుబడినవానిని తన మాయమునకు తానే కర్తగ నిలిపిన మాటకు తటస్థత యెట్లు సిద్ధించును? 2006 డిసెంబరు 20న ఐక్యరాజ్యసమితి సాధారణసభ ఆమోదించిన ఒడంబడికలోని నిర్వచనమును సయితము వారు పూర్తిగ చదివినట్లు తోపదు. రాజ్యాధికారులో, వారి యండగలవారో ఒకని పట్టుకొనుట, పిమ్మట పట్టుకొనలేదనుటయో వాని గతిని దాచుటయో, తన్మూలమున వానిని చట్టరక్షణకు వెలిచేయుట – ఇవన్నియు కర్తృవ్యాపారములే.

ఇక సాక్ష్యమును చూతము. 1983 జూనులో వచ్చిన అత్యవసర నిబంధనలలోని 15ఏ, మరణవిచారణ లేకయే శవములను పూడ్చుటకును కాల్చుటకును అనుమతినిచ్చెను. శవమునకు విచారణ లేనిచో చంపినవాడు లేడు. శవమే లేనిచో చచ్చినవాడును లేడు. 1990 సెప్టెంబరు 5న, మట్టక్కళప్పు చేరువనున్న వందారుమూలై విశ్వవిద్యాలయ శరణార్థిశిబిరమునుండి 158 మందిని సైనికులు వరుసకట్టించి కొనిపోయిరి. 2009 మే 18న వట్టువాగల్ వంతెనవద్ద, ఫ్రాన్సిస్ జోసెఫ్ అను క్రైస్తవగురువు వెంట లొంగిపోయినవారు బస్సులెక్కుట వారి భార్యలు కన్నులార చూచిరి. ఈ తావుల వారెవరును ‘మావాడు తప్పిపోయె’ ననరు, ‘తీసికొనిపోయిరి’ అందురు. మనవలెనే వారి భాషలోను కర్తృపదము లేకున్నను క్రియాంతమున బహువచనప్రత్యయము నిలిచియుండును. కర్మణిప్రయోగము మనకు సహజము గాదని వ్యాకర్తలు చెప్పుదురు. సహజమైన తల్లిమాటలో మాత్రము తీసికొనిపోయినవారు ఆ చివరి యక్షరమున నిలిచియే యున్నారు. ఏ దర్యాప్తునకైనను మొదటి సాక్షి ఆ ప్రత్యయమే యని నా యభిప్రాయము.

1994లో ఏర్పడిన మూడు ప్రాంతీయ విచారణసంఘముల నామమున ‘వ్యక్తులను వారి యిచ్ఛకు విరుద్ధముగ తొలగించుట’ అను సకర్మకక్రియ యుండెను. అవి 1988 మొదలుకొని జరిగినవానిని విచారించి, పదునాఱువేలకు పైబడిన యుదంతములను నిర్ధారించి, అనుమానితుల పేరులను సయితము రాష్ట్రపతికి సమర్పించెను. 2016 చట్టముచే ఏర్పడిన కార్యాలయమునకో ‘తప్పిపోయినవారి కార్యాలయము’ అని పేరు. సింహళనామమునను ‘అతురుదహన్ వూ’, అంతర్ధానమైన, అనియే యున్నది. యుద్ధమున జాడతెలియని సైనికుల తల్లులకును ఆ కార్యాలయమున చోటు కల్పించుటకే ఆ విశాలనామము పెట్టిరనువారు కలరు, వారి దుఃఖము చిన్నది గాదు. అయినను రెంటి ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, పేరులో కర్తను విడిచిన సంస్థ పనిలోను కర్తను విడుచునని తేలకమానదు. ఆ యేడే వచ్చిన ‘లేకుండుటకు ధ్రువపత్రము’ సయితము అట్టిదే. మరణపత్రము తీసికొన నిరాకరించినవారికి బ్యాంకుపనులకును ఆస్తిపనులకును అది యుపకరించుట నిజము, కాని లేకుండజేసిన దెవరో చెప్పు గడి అందును లేదు. 2018 చట్టమున ‘బలవంతముగ’ అను విశేషణము చేరినను, అప్పటికే వ్యవహారము పాతపేరున పాతుకొనిపోయినది. 2020 జనవరిలో నాటి రాష్ట్రపతి, తప్పిపోయినవారు నిజమునకు మరణించినవారే యని ఐక్యరాజ్యసమితి ప్రతినిధితో చెప్పినప్పుడు తల్లులు కోపించినది మరణవార్తకుమాత్రమే గాదు. మరణించుటయు అకర్మకమే, మఱల వారి బిడ్డలే కర్తలైరి.

యాఴ్పాణము వెలుపలి చెమ్మణిలో మూడు నాలుగువందల శవములు పూడ్చబడినవని 1998లో ఒక సైనికుడు న్యాయస్థానమున పలికెను. 1999లో త్రవ్వగా పదునైదు మాత్రమే దొరకినవి. అప్పుడు చాలమంది పండితులు, నేను పేర్కొన్న గ్రంథకర్తయు నందొకరు, సైనికుని మాట అతిశయోక్తి యని త్రోసిపుచ్చిరి. 2025లో ఆ చెమ్మణిలోనే సిందుపాత్తి శ్మశానమున త్రవ్వకములు సాగి, రెండువందలకు మించిన కంకాళములు బయటపడినవి. వానిలో పసిబిడ్డలవియు కలవు. ఒకదాని చెంత నీలిరంగు బడిసంచి యుండెను. ఆ సంచి ఛాయాచిత్రమును పత్రికలో చూచిననాడు నేను చాలసేపు వ్రాతబల్ల వదలి లేవలేకపోతిని.

మన తెలుగున ఈ పదచర్చ పరదేశీయము గాదు. 1980, 90 దశకములలో పోలీసులు పట్టుకొనిపోయిన పల్లెయువకులను మన పత్రికలు ‘మిస్సింగ్’ అని వ్రాసెను. ‘కనబడుట లేదు’ అని ఫోటో వేయించుకొను ప్రకటనలకును ఆ వార్తలకును నడుమ పదభేదమే లేకపోయెను. ఇంటివారి నోట మాత్రము ‘మావాణ్ణి పట్టుకపోయిండ్రు’ అను మాటయే వినబడెడిది. భారతదేశము పైన చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై 2007లో సంతకము చేసినను నేటికిని దానిని ధ్రువపఱుపలేదు. ధ్రువపఱుచునాటికి దాని తెలుగుపాఠము వ్రాయువారికైనను ఈ వ్యాసము పనికివచ్చునని నా యాశ.

నాకడ మిగిలిన ఆ వ్యాసప్రతులు పదునొకండు. ఒక్కొక్కదానిలో పదునాలుగు చోట్ల, ‘పోయిన’ అను మాటను కొట్టి, పైన నా చేతివ్రాతతో దిద్దితిని.