వ్రేలిముద్రలు: రచ్చనీతియు ఇంటినీతియు

పరదేశమున మనవారికి జరిగిన పరాభవమును వినినప్పుడు మన గుండె మండును. అట్టి పరాభవమే మన యూరి పొలిమేరలో జరిగినప్పుడు కన్నెత్తి చూడము. ఈ లోపము వ్యక్తులకే కాక శాసనసభలకును గలదని 1910, 1911 సంవత్సరముల చరిత్ర చెప్పుచున్నది.

అప్పటికి మదనపల్లె కడపజిల్లాలోనిది. పుంగనూరు జమీనును, కుప్పమునకు దాపున నున్న కంగుంది జమీనును ఉత్తరార్కాటులోనివి. 1911 ఏప్రిలు 1వ తేదీన చిత్తూరుజిల్లా యేర్పడగా ఇవన్నియు నొక్క గొడుగు క్రిందికి వచ్చినవి. వాననే నమ్ముకొన్న యీ మెట్టసీమలలో పంట పోయిన యేట కూలివానికి ఓడయెక్కుట యొక దారి. చెన్నపురినుండి ‘ట్రూరో’ యను నోడ తొలి ఒడంబడిక కూలీలతో నేటాలును చేరినది 1860 నవంబరు 16. అదిమొదలు 1911 వరకు అచటికి పోయినవారు సుమారు 1,52,000 మంది. వారిలో పెక్కుమంది చెన్నపురి రేవున ఓడ యెక్కినవారు. వారిని ఎక్కువగా పంపిన జిల్లాలలో ఉత్తరార్కాటు ఒకటి. గడువు తీరినపిదప స్వేచ్ఛగా నిలువదలచిన వానిపై నేటాలు ప్రభుత్వము 1895 నాటి చట్టముచే ఏటేట మూడు పౌనుల పన్ను విధించినది.

ప్రక్కనున్న ట్రాన్సువాలులో 1907లో మరియొక చట్టము వచ్చెను. ఆసియావాసులు తమ పేరులు నమోదు చేయించుకొని, వ్రేలిముద్రలు వేసి, పోలీసువా డడిగినప్పుడెల్ల చీటి చూపవలెను. పదివ్రేళ్ల ముద్రలు దొంగలవద్ద గైకొనునవి గాని గృహస్థులవద్ద కాదని మనవారు ఎదిరించిరి. గాంధీగారి నాయకత్వమున 1908 ఆగస్టు 16న జోహాన్నెస్‌బర్గులో ఆ చీటీలను కాల్చివేసిరి. 1910 ఫిబ్రవరి 25న గోఖలేగారు కలకత్తాలోని రాజప్రతినిధి శాసనసభలో, నేటాలునకు కూలీలను పంపుట నిలుపవలెనని తీర్మానము తెచ్చిరి. సభ దాని నామోదించెను. 1911 జూలై 1 నుండి ఆ వలస నిలిచినది. అది మనకు గర్వకారణమే.

కాని అదే సభ 1911లో నేరస్థజాతుల చట్టమును గూడ చేసినది. 1871లో ఉత్తరదేశమునకై పుట్టిన యా శాసనము దీనితో చెన్నరాజధానికిని దిగినది. ఒక తెగను ప్రభుత్వము నేరస్థజాతియని ప్రకటించినచో ఆ తెగవారు పేరులు నమోదు చేయించుకొనవలెను; వ్రేలిముద్రలు వేయవలెను; అధికారి ఆజ్ఞాపించినచో ఠాణాలో హాజరు పలుకవలెను. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుపరచుటకును అధికారము గలదు. ఆ ప్రకటన న్యాయమా కాదా యని న్యాయస్థానము విచారింపరాదు. ట్రాన్సువాలులో మనము చీకొట్టిన ముద్ర యిదియే కదా!

దోపిడులు జరుగలేదని మేమనము. రాత్రివేళ దివిటీలతో బందిపోట్లు పైబడిన యింటివారి దుఃఖము చిన్నది కాదు. నేరము చేసినవానిని శిక్షింపకున్న రాజ్యమే లేదు. కాని శిక్ష చేతకా, పుట్టుకకా? ఈ చట్టమునకు గురియైన యెరుకలవారు గాడిదలపైని, ఎద్దులపైని ఉప్పును, ధాన్యమును మోసి సముద్రతీరమునుండి మెట్టయూళ్లకు చేర్చినవారు. ఉప్పుపై సర్కారు గుత్తము బిగిసినది. రైలుబండి వచ్చినది, జోలార్‌పేటనుండి కుప్పము మీదుగా బెంగుళూరునకు 1864లోనే బాట పడినది. వర్తకము పోయి దేశదిమ్మరితనము మిగిలినవానిని ‘నీ వేల తిరుగుచున్నావు?’ అని యడుగుటకు చట్టము వచ్చినది, ‘నీ కూడేమైనది?’ అని యడుగుటకు రాలేదు.

ఆ సభలో ఉద్యోగసభ్యులే అధికులన్న మాట నిజము. అయినను నేటాలు విషయమున దేశమున రేగిన కోపములో పదియవవంతైన ఈ చట్టముపై రేగలేదు. నేటాలు కూలి మనవాడని తోచెను. ఊరిబయటి గుడిసెవాడు మనవాడని తోచలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనన్న పెద్దలమాటను మనము తలక్రిందులు చేసితిమి.

ఈ తప్పును దిద్దుటలో ముఖ్యపాత్ర వహించినవాడును ఈ జిల్లావాడే. చెన్నరాజధానిలో 1947లోనే ఈ చట్టము రద్దయినది. దేశమంతటి సంగతి విచారించుటకు 1949లో ఏర్పడిన సంఘమునకు తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులైరి. జన్మనుబట్టి నేరము నంటగట్టుట తగదనియు, పలుమారు నేరము చేసినవాడు ఏ కులమువాడైనను ఒక్క చట్టమే యుండవలెననియు ఆ సంఘము తేల్చినది. 1952 ఆగస్టు 31న దేశమంతట ఆ చట్టము తొలగినది.

చట్టము తొలగినను వాసన తొలగలేదు. చెరసాలల నియమావళులలో ఈ తెగలను పుట్టునేరస్థులుగా నెంచు మాటలు 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కొట్టివేయువరకు నిలిచియే యున్నవి. ఇక మన యిండ్లలోని నియమావళి మాట యేమి? గిన్నె కనబడనప్పుడు మనమెవరిని మొదట తలచుచున్నాము? పిల్లవాడు అల్లరి చేసినప్పుడు ఏ తెగ పేరు పెట్టి తిట్టుచున్నాము? శాసనసభ కొట్టివేయజాలని చట్టమిది. దీనిని కొట్టివేయవలసిన సభ మన పంచలోనే కూడుచున్నది.