రామానుజన్ మెడికల్ హిస్టరీ

పైచదువులకి పరాయి దేశం వెళ్ళి స్పెషలిస్టుల చుట్టూ తిరగడం మన ఎమ్మెస్ బ్యాచ్‌లతో మొదలైందేమీ కాదు. 1914లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిగా చేరిన శ్రీనివాస రామానుజన్ 1917లో మంచాన పడ్డాడు. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు శానటోరియాల్లోనే గడిచింది: మెండిప్ కొండలు, మ్యాట్‌లాక్, చివరికి లండన్‌లో పట్నీ. హార్డీతో ఆ 1729 ముచ్చట జరిగింది పట్నీలోనే.

నిపుణులు దొరకలేదా అంటే, దొరికారు. మెండిప్‌లో చూసిన డాక్టర్ చౌరీ ముత్తు మన దేశం నుంచి వెళ్ళినాయనే, క్షయ స్పెషలిస్టు. కడుపులో పుండన్నారు, చివరికి క్షయ దగ్గర ఆగారు. రామానుజన్ 1919లో తిరిగొచ్చేసి, 1920 ఏప్రిల్ 26న 32 ఏళ్ళకే పోయాడు.

1994లో డి.ఎ.బి. యంగ్ అనే ఆయన రికార్డులన్నీ తిరగేసి, అది కాలేయానికి పాకిన అమీబియాసిస్ అయ్యుండొచ్చన్నాడు. ఇండియాలో ఉండగానే రామానుజన్‌కి రెండుసార్లు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ఆ క్రిమి ఏళ్ళ తరబడి లోపల నక్కి ఉండగలదు. దానికి ఎమెటిన్ అనే మందు అప్పటికే ఉంది. యంగ్ మాట అంచనాయే, ఇప్పుడు రుజువు చేసే దారి లేదు.

2024 ఫిబ్రవరి నుంచి బ్రిటన్ వెళ్ళే విద్యార్థి ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి కడుతున్నాడు. అయినా మామూలుగా ముందు జీపీ చూసి రాసిస్తేనే స్పెషలిస్టు. ఆ జీపీకి తెలిసేదేమో మనం చెప్పినంతే! చిన్నప్పటి జబ్బులు అమ్మకి గుర్తుంటాయి, మనకి ఉండవు. అందుకే మార్కుల మెమోలతో పాటు ఆ కాయితాలూ ఫైల్లో పెట్టుకెళ్ళమంటాను. పాత లాగ్స్ చూడకుండా ఏ బగ్గైనా పట్టుకోగలమా?