అట్ట మీది బొమ్మ: అటారి నుంచి గోదావరిఖని బాయి దాకా

ఈసారి కొంచెం వేరే టాపిక్. వీడియో గేముల అట్ట మీద బొమ్మ ఉంటుంది కదా, దాని చరిత్ర చెప్పుకుందాం. చరిత్ర చానెల్లో గేముల గోల ఏంటని కొందరికి అనిపించొచ్చు. చివరికి మనం వెళ్లేది సింగరేణి బొగ్గుబాయిలోకే. కొంచెం ఓపిక పట్టండి.

గోదావరిఖని నుంచి ఇద్దరు తమ్ముళ్లు నాకు రెండు బొమ్మలు పంపారు. ఇద్దరివీ బాయి పని చేసిన ఇళ్లే. బొగ్గుబాయి మీద చిన్న గేము తయారు చేసుకుంటున్నారు. ఆన్‌లైన్ స్టోర్‌లో పెట్టడానికి రెండు కవర్లు గీయించారు. "అన్నా, ఏది పెట్టమంటవ్?" అని అడిగారు. ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఈ ప్రశ్నకి దాదాపు యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే జవాబు వాళ్లకే దొరుకుతుంది.

1977లో అమెరికాలో అటారి కంపెనీ ఇంట్లో టీవీకి తగిలించుకునే గేము పెట్టె తెచ్చింది. దాంతోపాటు ఇచ్చిన గేము పేరు కంబాట్. దాని అట్ట మీద క్లిఫ్ స్పాన్ అనే చిత్రకారుడు యుద్ధ ట్యాంకులు, విమానాలు కలిపి సినిమా పోస్టర్‌లా గీశాడు. టీవీలో కనిపించేది మాత్రం నాలుగు గళ్ల ముక్కలు. ఆ తర్వాత వచ్చిన అడ్వెంచర్ గేములో అయితే హీరో ఒక చతురస్రం! మొహం లేదు, కాళ్లు చేతులు లేవు. డ్రాగన్ని చూస్తే బాతు గుర్తొస్తుంది. మరి ఇది మోసమా? పూర్తిగా కాదు. ఆ రోజుల్లో మెషీన్‌కి అంతకంటే శక్తి లేదు. మిగతాది పిల్లాడు మనసులో ఊహించుకోవాలి, ఆ ఊహకి కావాల్సిన సరుకు అట్ట మీది బొమ్మ ఇచ్చేది.

తేడా వచ్చింది తర్వాత. 1987లో జపాన్ నుంచి మెగా మ్యాన్ వచ్చింది. గేములో హీరో నీలం రంగు రోబో పిల్లాడు, చెయ్యే ఫిరంగిగా మారిపోతుంది. అమెరికా అట్ట మీద గీసింది ఎవర్ని? చేతిలో పిస్తోలు పట్టుకున్న నడివయసు మనిషిని. గీసినాయన గేము చూశాడా అని ఇప్పటికీ జనం నవ్వుకుంటారు. ఇక్కడ మెషీన్ తప్పేం లేదు. బొమ్మకీ లోపలి ఆటకీ సంబంధం తెగిపోయింది, అంతే.

మన దగ్గరా ఈ కథ నడిచింది. తొంభైల్లో టీవీ గేముల కేసెట్లు గుర్తున్నాయా? మీద పెద్ద అక్షరాలతో "9999999 ఇన్ 1" అని ఉండేది. అంటే కోటికి ఒకటి తక్కువ! లోపల చూస్తే పట్టుమని కొన్ని ఆటలు, అవే మళ్లీ మళ్లీ వేరే నంబర్లతో. స్టిక్కర్ మీదున్న కండల వీరుడు ఏ ఆటలోనూ కనపడడు. అయినా కొన్నాం. వెనక్కి ఇస్తే తీసుకునేవాడెవడు?

ఇప్పుడు ఆ లెక్క మారింది. స్టీమ్ అనే పెద్ద ఆన్‌లైన్ అంగడి ఉంది. 2015 నుంచి అక్కడ ఒక పద్ధతి పెట్టారు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే, డబ్బు వాపసు అడగొచ్చు. అంటే బొమ్మ అబద్ధం చెబితే ఆ నష్టం ఇప్పుడు అమ్మినవాడిదే. 2022 సెప్టెంబర్ నుంచి ఇంకో నియమం వచ్చింది. కవర్ బొమ్మ మీద గేము చిత్రం, గేము పేరు తప్ప అవార్డులు, రేటింగులు, డిస్కౌంట్ ప్రకటనలు అతికించకూడదు. బొమ్మ తన కాళ్ల మీద తను నిలబడాలన్నమాట. పోటీ సంగతి చెప్పాలంటే, 2024 ఒక్క ఏడాదిలోనే అక్కడ 18 వేలకు పైగా గేములు వచ్చాయి. జాబితాలో మన బొమ్మ అగ్గిపెట్టె అంత కూడా కనపడదు.

సరే, బొగ్గు సంగతికొద్దాం. గని మీద గేములు కొత్తేం కాదు. 1983లో బ్రిటన్‌లో మాథ్యూ స్మిత్ అనే టీనేజ్ కుర్రాడు ఒక్కడే కూర్చుని మానిక్ మైనర్ తయారు చేశాడు. మరుసటి ఏడాది అక్కడ గనుల మూసివేత మీద బొగ్గు కార్మికుల పెద్ద సమ్మె నడుస్తుండగానే వాంటెడ్ మాంటీ మోల్ అనే ఆట వచ్చింది. చలికి తట్టుకోలేని పందికొక్కు లాంటి జంతువు ఒకటి బొగ్గు దొంగతనానికి గనిలో దూరుతుంది. కార్మిక నాయకుడు ఆర్థర్ స్కార్గిల్ కూడా అందులో ఒక పాత్రే. మన దసరా సినిమాలో నాని గూడ్సు బండి మీంచి బొగ్గు దొంగిలించేది గుర్తొస్తుంది కదా. ఆ సినిమా పోస్టర్లలో బొగ్గు మసి పట్టిన మొహం చూసి మన ప్రాంతం వాళ్లు వెంటనే గుర్తుపట్టారు. మసి ఎట్లుంటదో వాళ్లకి తెలుసు.

ఇక తమ్ముళ్ల బొమ్మలు. మొదటిది: కండలు తిరిగిన హీరో, పైకెత్తిన గొడ్డలి లాంటి పనిముట్టు, వెనక మంటలు, బంగారు రంగు అక్షరాలు. దూరం నుంచి కూడా దగదగా కనిపిస్తుంది. రెండోది: తక్కువ ఎత్తు కప్పు, దానికి ఆనించిన దుంగలు, వెనక్కి తిరిగి నిలబడ్డ ఒక మనిషి, టోపీ లైటు వెలుగు కాళ్ల దగ్గరి నీళ్ల మీద పడుతోంది.

వాళ్ల గేములో కొట్లాట లేదు. ఆడేవాడు ఒక సర్దార్. కర్రతో కప్పు తట్టి చప్పుడు వినాలి. గట్టి చప్పుడొస్తే ముందుకు పోవాలి, డొల్ల చప్పుడొస్తే మనుషుల్ని వెనక్కి తేవాలి. షిఫ్ట్ అయ్యేలోపు అందర్నీ పైకి తీసుకురావడమే గెలుపు. ఇది బాయిలో నిజంగా చేసే పనే.

అందుకే మొదటి బొమ్మ పనికిరాదు. మంటలు చూసి కొన్నవాడు పది నిమిషాల్లో వాపసు అడుగుతాడు. ఇలాంటి నెమ్మది ఆట ఇష్టపడేవాడు ఆ మంటలు చూసి అటు రాడు. రెండు విధాలా నష్టం.

అయితే రెండోదాన్ని ఉన్నదున్నట్టు పెట్టమని కూడా చెప్పను. 2001లో ఐకో అనే గేముకి దాని దర్శకుడు ఫుమితో ఉయెదా తనే జపాన్ అట్ట గీశాడు. ఇటలీ చిత్రకారుడు డి కిరికో శైలిలో విశాలమైన ఖాళీ, పొడవాటి నీడలు, పరుగెడుతున్న ఇద్దరు చిన్న పిల్లలు. అమెరికాలో మాత్రం దానికి బదులు మామూలు బొమ్మ వేశారు. అభిమానులు ఇప్పటికీ జపాన్ అట్టనే మెచ్చుకుంటారు. కానీ అది చేత్తో పట్టుకునే డబ్బా కోసం గీసింది. ఈరోజు ఫోన్లో అగ్గిపెట్టె సైజుకి కుదిస్తే ఆ పిల్లలు రెండు చుక్కలు. మన తమ్ముళ్ల బొమ్మకీ అదే కష్టం. పైగా స్టీమ్ పేజీయే ముదురు రంగు. నల్ల బొగ్గు బొమ్మ నల్ల గోడలో కలిసిపోతుంది.

నేను చెప్పింది ఇంతే. మనిషిని దగ్గరికి తీసుకురండి. వీపు కాదు, చెయ్యి కనపడాలి. చేతిలో కర్ర, కర్ర కొస కప్పుకు తగిలి, అక్కడే లైటు వెలుగు పడాలి. చెవి అటు తిరిగి ఉండాలి. ఆటలో చేసే పని ఒక్క చూపులో తెలిసిపోతుంది. పేరు "బాయి" అని రెండక్షరాలే పెట్టుకున్నారు, అది మంచిది. వత్తులున్న పెద్ద పేరైతే ఆ సైజులో ముద్దయిపోతుంది. ఇంకొకటి: టోపీ లైటు నుంచి నడుము బ్యాటరీ దాకా వైరు గీయలేదు. వాళ్ల కథ 2003 నాటిది. ఆ రోజుల్లో వైరు లేని ల్యాంపు మన బాయిలో లేదు. బయటివాడికి తెలియదు, కానీ ఖనిలో ప్రతి ఇంటికీ తెలుస్తుంది.

2003 అనగానే ఇక్కడివాళ్లకి జూన్ 16 గుర్తొస్తుంది. 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అందుకే రెండో బొమ్మలో కాళ్ల దగ్గరి నీళ్లు చూసి నేను ఆగాను. గేములో నీటి ప్రమాదం ఉందా అని అడిగాను. లేదన్నారు. అయితే తీసేయండి అన్నాను. అందం కోసం గీసిన నీళ్లు కొన్ని ఇళ్లలో అందంగా కనపడవు.

ఇంత పట్టింపు ఎందుకంటే, బాయి లోపలికి అగ్గిపెట్టె, ఫోను తీసుకుపోనివ్వరు. తండ్రి ముప్పై ఏళ్లు పనిచేసిన చోటు ఎట్లుంటదో చాలా ఇళ్లలో ఫోటో కూడా లేదు. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైన సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్ నుంచే వస్తోంది. రేపటి పిల్లలకి భూమి లోపలి బాయి అంటే ఏంటో చెప్పేది ఇలాంటి బొమ్మలే కావచ్చు. కాబట్టి కవర్ గీసేవాళ్లు రెండు ప్రశ్నలు వేసుకోండి. ముక్కూమొహం తెలియనివాడికి అగ్గిపెట్టె సైజులో ఆట అర్థమవుతుందా? రిటైరైన సర్దార్ చూసి "అవు, ఇట్లనే ఉంటది" అంటాడా? రెండిటికీ అవునంటే ఆ బొమ్మ పెట్టేయండి.

మీ ఇంట్లో బాయి పని చేసినవాళ్లుంటే, కప్పు చప్పుడు ఎట్లా గుర్తుపట్టేవాళ్లో అడిగి కామెంట్లో రాయండి. తమ్ముళ్లకి చాలా పనికొస్తుంది. ఉంటా మరి.