అణాల పట్టిక నుండి జి.ఎస్.టి. బిల్లు వరకు

మదనపల్లెకు సమీపమున నున్న కురబలకోట, ధర్మవరము–పాకాల రైలు మార్గముమీద ఒక స్టేషను గల ఊరు. ఆ మండలములోని ఒక గ్రామము పేరే అంగళ్లు. టమోటా పంటకు పేరుపొందిన ఈ ప్రాంతములో రైతునకు విత్తనములు, ఎరువు, పురుగుమందు, బిందుసేద్యపు గొట్టములు తప్పనిసరి అవసరములు. 2017 జూలై 1వ తేదీన వస్తు సేవల పన్ను, అనగా జి.ఎస్.టి., అమలులోనికి వచ్చినప్పుడు విత్తనములకు పన్ను లేదు, ఎరువునకు నూటికి 5, రసాయనిక పురుగుమందునకు 18, గొట్టములకు 18. రైతు పండించిన తాజా టమోటాకు పన్ను లేదు.

ఇంతవరకు చూచిన ఇది నాలుగు అంకెలు జ్ఞాపకముంచుకొను పనివలె తోచును. కాని దేశమందలి లక్షలాది దుకాణములలో బిల్లు వ్రాయునది అప్పటికే కలము కాదు, కంప్యూటరు. దానిలోని బిల్లుల సాఫ్ట్‌వేరును పూర్తిగా మార్చవలసి వచ్చినది. అలవాటైన తెర మాయమై, కొత్త గడులతో మరియొక తెర ప్రత్యక్షమైనది. నిన్నటి దాక రెండు నిమిషములలో ముగిసిన బిల్లునకు నేడు పది నిమిషములు పట్టినచో, ఎదుట నిలిచిన కొనుగోలుదారు విసుగుకొనును. బల్ల వెనుక కూర్చున్న గుమాస్తా అంతకంటె ఎక్కువ విసుగుకొనును. ఈ విసుగునకు కారణమేమి? అది కేవలము కొత్తదనమన్న భయమా? లేక లెక్కల పద్ధతి మారునప్పుడెల్ల తప్పక వచ్చు చిక్కా? దీనికి సమాధానము కొరకు అరువది యేండ్లు వెనుకకు పోవలెను.

1957లో మారిన లెక్క

1957 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, పైసకు 3 పైలు. అనగా రూపాయికి 192 పైలు. 1955లో పార్లమెంటు నాణెముల చట్టమును సవరించి, రూపాయిని 100 భాగములు చేసినది. ఆ నూరవ భాగమునకు ‘నయా పైస’ అని పేరు పెట్టిరి. పావలా సరిగా 25 నయా పైసలు, అర్ధరూపాయి 50, ముప్పావలా 75. వీనితో చిక్కు లేదు. చిక్కంతయు అణాతో వచ్చినది. 100ను 16తో భాగించినచో 6.25 వచ్చును. పావు నయా పైసకు నాణెము లేదు.

అందుచేత చట్టము ఒక నియమము చెప్పినది: భిన్నమును దగ్గరి నయా పైసకు సరిచేయవలెను, సరిగా సగము మిగిలినచో దిగువకు దింపవలెను. దీని ప్రకారము అణాకు 6 నయా పైసలు, బేడకు 12, మూడణాలకు 19, ఆరణాలకు 37, పదణాలకు 62. ఈ పట్టిక ఆనాడు అందరికిని నిత్యావసరమైనది.

ఇక దీని ఫలితము చూడుడు. అణా ఖరీదు గల వస్తువులు నాలుగు విడివిడిగా కొన్నవాడు నాలుగు ఆరులు, అనగా 24 నయా పైసలు ఇచ్చును. అవియే నాలుగు ఒక్కసారి కొన్నవాడు పావలా, అనగా 25 ఇచ్చును. మూడణాల వస్తువు కొన్నవాడు 18.75కు బదులు 19 ఇచ్చి పావు నయా పైస నష్టపడును. ఒకచోట దుకాణదారునకు నష్టము, మరియొకచోట కొన్నవానికి నష్టము. మొత్తము స్వల్పమే, కాని రోజుకు నూరు బేరములు జరుగుచోట ఆ స్వల్పమే తగవునకు మూలమగును.

నాణెములు స్థిరపడకముందే తూనికలును మారినవి. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరు నుండి మెట్రిక్ పద్ధతి అంచెలంచెలుగా ప్రవేశించినది. రాయలసీమలో వాడుకగల వీశె 120 తులములు, అనగా సుమారు 1.4 కిలోగ్రాములు. వీశె 7 అణాలకు అమ్మిన సరుకును ఇప్పుడు కిలో ఎంతకు అమ్మవలెను? ఏడును 1.4తో భాగించినచో 5 అణాలు. దానిని నయా పైసలలోనికి మార్చినచో 31.25, పట్టిక ప్రకారము 31. ఒక్క ధర చెప్పుటకు రెండు మార్పులు, ఒక సవరింపు. బడిలో చిన్నప్పుడు వల్లించిన ఎక్కములు అక్కరకు రాకపోయినవి.

అయినను ఆ మార్పు నిలిచినది. దానికి ముఖ్యముగా రెండు కారణములు. మొదటిది, చట్టము చేసిన పిదప అమలునకు ఏడాదికి పైగా వ్యవధి ఇచ్చిరి. రెండవది, పాత నాణెములు, కొత్త నాణెములు కొంతకాలము పక్కపక్కనే చెల్లినవి. ‘నయా’ అను విశేషణమును తొలగించినది 1964 జూన్ 1వ తేదీన మాత్రమే. ఏడేండ్ల పాటు ఆ మాట జనులకు చేయూతగా నిలిచినది. ఇంగ్లండు కూడ 1971 ఫిబ్రవరి 15న దశాంశ పద్ధతికి మారినప్పుడు పాత పెన్నీలను వెంటనే రద్దు చేయక, ఆ యేడు ఆగస్టు చివరి వరకు చెల్లనిచ్చినది.

2017లో మారిన బిల్లు

జి.ఎస్.టి. విషయమున వ్యవధి తక్కువ. సరుకులవారీ శాతములలో అధిక భాగము 2017 మే నెలలో శ్రీనగరులో జరిగిన మండలి సమావేశమున నిర్ణయింపబడినవి. అమలునకు మిగిలినవి ఆరు వారములు. ఎరువులకు మొదట 12 శాతమని నిర్ణయించి, రైతుల భారము తగ్గించుటకై జూన్ 30వ తేదీన దానిని 5కు దింపిరి. రైతునకు అది మేలే. కాని బిల్లుల సాఫ్ట్‌వేరులో 12 అని ముందుగానే నమోదు చేసి సిద్ధముగా నున్నవారికి ఆ మార్పు చేసికొనుటకు ఒక్క రాత్రి మాత్రమే మిగిలినది.

శాతము మార్చుటయే అయినచో ఒక్క రాత్రి చాలును. కాని బిల్లు నిర్మాణమే మారినది. రాష్ట్రములోపలి అమ్మకమునకు పన్నును సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు విడివిడిగా చూపవలెను. రాష్ట్రముల మధ్య అమ్మకమునకు ఒకే సమీకృత పన్ను. కర్ణాటక సరిహద్దునకు దగ్గరగా నున్న మదనపల్లె ప్రాంతములో ఇది నిత్యానుభవము: తిరుపతి నుండి తెచ్చిన సరుకు బిల్లులో రెండు పన్నులు, బెంగళూరు నుండి తెచ్చిన సరుకు బిల్లులో ఒకటి. దీనిని గుర్తించుటకు సాఫ్ట్‌వేరు వర్తకుని 15 అక్షరముల సంఖ్యలో మొదటి రెండు అంకెలను చూచును. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29. ఆ రెండంకెలలో పొరపాటు జరిగినచో పన్ను వేరొక ఖాతాకు పోవును.

రెండవ చిక్కు తేదీలది. బిందుసేద్యపు గొట్టములనే తీసికొందము. 2017 జూలైలో 18 శాతము. 2018 జనవరి 25 నుండి 12. 2025 సెప్టెంబరు 22 నుండి 5. పాత శాతమును చెరిపి కొత్తది వ్రాసికొను సాఫ్ట్‌వేరులో ఒక ప్రమాదమున్నది. 18 శాతముతో అమ్మిన గొట్టమును రైతు తిరిగి ఇచ్చినప్పుడు అది 12 శాతముతో లెక్కకట్టును. అందుచేత మంచి సాఫ్ట్‌వేరు ప్రతి శాతమునకు ఎదుట అది మొదలైన తేదీని కూడ దాచుకొనును. చట్టము మరియొక అడుగు ముందుకు వేసి, సరుకు ఇచ్చిన దినము, బిల్లు వ్రాసిన దినము, సొమ్ము ముట్టిన దినము అను మూడింటిలో రెండు మార్పునకు ఏ వైపున ఉన్నవో, ఆ వైపు శాతమే వర్తించునట్లు చేసినది.

మూడవ చిక్కు భిన్నములది. అణాల నాటి చిక్కే మరల వచ్చినది. 33 రూపాయల 30 పైసల వస్తువులు మూడు, పన్ను 5 శాతము అనుకొందము. కేంద్రపు వాటా రెండున్నర శాతము. వస్తువు ఒక్కంటికి అది 83.25 పైసలు, సరిచేసినచో 83. మూడింటికి 2 రూపాయల 49 పైసలు. కాని మొత్తము 99 రూపాయల 90 పైసలమీద ఒకేసారి లెక్కించినచో 249.75 పైసలు, అనగా 2 రూపాయల 50 పైసలు. పైస తేడా! దుకాణపు సాఫ్ట్‌వేరు ఒక విధముగను, సరుకు పంపినవాని సాఫ్ట్‌వేరు మరొక విధముగను లెక్కించినచో రెండు పద్దులు కలియవు. 1957 నాటి నియమము సగమును దిగువకు దింపినది, జి.ఎస్.టి. చట్టము చెల్లించు పన్నును దగ్గరి రూపాయికి సరిచేయుచు, 50 పైసలను పైకి ఎత్తుచున్నది.

పద్దులు కలియకపోవుట ఏల ముఖ్యమైనది? జి.ఎస్.టి.లో అమ్మినవాడు చూపిన బిల్లు, కొన్నవాడు చూపిన బిల్లు సరిపోలినచో కొన్నవానికి తాను ముందు కట్టిన పన్ను తగ్గింపు లభించును. మొదటి ప్రణాళిక ప్రకారము ప్రతి నెల అమ్మకముల పత్రము, కొనుగోళ్ల పత్రము, పన్ను పత్రము అని మూడు, ఏడాదికొక వార్షిక పత్రము, మొత్తము 37. పత్రముల గడువు దగ్గరపడినప్పుడు అందరు ఒకేసారి ప్రవేశించుటచే పోర్టలు మొరాయించినది. జూలై నెల అమ్మకముల పత్రమునకు గడువు పొడిగించి పొడిగించి అక్టోబరు 10 వరకు తెచ్చిరి.

ఫిర్యాదు ఫలితము

ఇక్కడ గమనింపదగిన విషయమొకటి ఉన్నది. వర్తకుల ఆక్షేపణలు వృథా పోలేదు. 2017 సెప్టెంబరులో పోర్టలు చిక్కులను పరిశీలించుటకు మంత్రుల సంఘము ఏర్పడినది. తెలంగాణ ఆర్థికమంత్రి ఈటల రాజేందర్ అందులో సభ్యులు. అక్టోబరులో కోటిన్నర లోపు వ్యాపారము గలవారికి మూడు నెలలకొక పత్రము చాలునని నిర్ణయించిరి. నవంబరులో కొనుగోళ్ల పత్రమును, పన్ను పత్రమును నిలిపివేసి, సంక్షిప్త పత్రముతోనే నడిపిరి. సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లును 2018 ఫిబ్రవరి 1న ప్రారంభింపగా పోర్టలు ఆ దినమే కుంటుపడినది. దానిని ఏప్రిల్ 1కి వాయిదా వేసి, మొదట రాష్ట్రముల మధ్య రవాణాకు మాత్రమే అమలుచేసిరి. రాష్ట్రములోపలి రవాణాకు ఏప్రిల్ 15న మొదలిడిన అయిదు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును ఉన్నవి. అంచెలవారీగా సాగిన ఈ పద్ధతి నిలిచినది.

2025 సెప్టెంబరులో శాతములు మరల మారినప్పుడు, నిర్ణయము 3వ తేదీన, అమలు 22వ తేదీన. వ్యవధి 19 దినములు. 2017లో ఎరువునకు దొరికిన ఒక్క రాత్రికంటె ఇది మేలు. 1957 నాటి వ్యవధితో పోల్చినచో స్వల్పము. కంప్యూటరు వేగముగా లెక్కించగలదు గనుక మనుష్యుడు కూడ అంత వేగముగా మారగలడని అనుకొనుట పొరపాటు. యంత్రములోని అంకె క్షణములో మారును. దానిని నడుపు చేతి అలవాటు మారుటకు దినములు పట్టును. బల్ల వెనుక కూర్చున్నవాడు విసుగుకొనినచో వానిని వెనుకబడినవాడని అనరాదు. అతడు చూపునది లెక్కలో ఎక్కడ భిన్నము మిగిలినదో, ఆ చోటు.

గణిత ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో పరీక్షింపవచ్చును. ఇంటికి వచ్చిన బిల్లు నొకదానిని విద్యార్థులు తెచ్చి, పన్నును వస్తువు వస్తువునకు విడిగా ఒకసారి, మొత్తముమీద ఒకసారి లెక్కింపవలెను. పైస తేడా వచ్చినచో బిల్లులో ఏది వాడిరో కనుగొనవలెను. పిదప 1 నుండి 16 అణాల వరకు నయా పైసల పట్టికను తామే తయారుచేసి, ఎన్ని చోట్ల కొన్నవానికి లాభము, ఎన్ని చోట్ల అమ్మినవానికి లాభము అని లెక్కపెట్టవలెను. సవరింపు నియమమును ఎవరు వ్రాసిరో, దాని భారమును ఎవరు మోసిరో అప్పుడు వారికి స్వయముగా తెలియును.