చెరకు తీపి సోడా: కొంత చరిత్ర, కొంత వైద్యం

మన శాంటా క్లారాలో ఎల్ కమీనో రియల్ పొడుగునా ఉన్న దేశీ కొట్లలోకి వెళ్ళే తెలుగువారికి ఒక అలవాటుంది. కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి సీసా బుట్టలో పడ్డాక, కూల్ డ్రింకుల అర దగ్గర ఒక్క నిమిషం ఆగుతారు. థమ్సప్, లిమ్కా కనిపిస్తే ఒకటి తీసి, వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదువుతారు. మెక్సికన్ కొట్టుకు వెళితే గాజుసీసా కోకాకోలా దగ్గరా ఇదే తంతు. వెతికేది ఒక్క ముక్క కోసమే: ఇందులో పోసింది మొక్కజొన్న పాకమా, చెరకు పంచదారా?

మేము డాక్టర్లం గనుక ఈ ప్రశ్న మా దాకా తరచు వస్తుంది. "చెరకు పంచదారతో చేసినదైతే పిల్లలకు ఇవ్వచ్చు గదండీ?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు చరిత్ర ఒక జవాబు చెబుతుంది, వైద్యం ఇంకొకటి చెబుతుంది. రెంటినీ కలిపేస్తే ప్రమాదం. అంచేత ముందు చరిత్ర చెప్పుకుని, వైద్యం చివరికి పెట్టుకుందాం.

సోడా పుట్టుక మందుల కొట్టుతో ముడిపడినది. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ బీరు పులిసే తొట్ల మీద తేలే వాయువును నీళ్ళలో కలిపి చూశాడు. 1783 ప్రాంతంలో జెనీవాలో ష్వెప్ అనే ఆయన దాన్ని వ్యాపారంగా మార్చాడు. సహజమైన బుగ్గనీళ్ళు ఆరోగ్యానికి మంచివన్న నమ్మకం ఉండేది కాబట్టి, గ్యాసు కలిపిన నీళ్ళను కూడా మందుగానే అమ్మారు. అమెరికాలో ఈ నీళ్ళలో వేళ్ళు, బెరడులు, తీపి కలిపినవారు చాలామటుకు మందుల షాపులవాళ్ళే. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో రూట్ బీరును ప్రచారంలోకి తెచ్చిన చార్లెస్ హైర్స్, 1885లో టెక్సాస్‌లోని వేకోలో డాక్టర్ పెప్పర్ కలిపిన చార్లెస్ ఆల్డర్టన్, 1886లో అట్లాంటాలో కోకాకోలా కలిపిన జాన్ పెంబర్టన్, నార్త్ కెరొలైనాలోని న్యూబర్న్‌లో పెప్సీ కలిపిన కేలబ్ బ్రాడమ్ – అందరూ ఔషధాలు నూరినవారే. న్యూ ఇంగ్లండులో ఈనాటికీ దొరికే మాక్సీ అనే పానీయాన్ని నరాలకు బలమిచ్చే మందు పేరుతో మొదలుపెట్టిన ఆగస్టిన్ థాంప్సన్ సాక్షాత్తు డాక్టరు. మా వృత్తివారు జనానికి తీపి అలవాటు చేయడంలో కూడా ముందున్నారన్న మాట!

రూట్ బీరు గురించి ఒక మాట. ఈ దేశం వచ్చిన కొత్తలో దాన్ని తాగిన మనవాళ్ళు చాలామంది "ఇదేమిటి, అమృతాంజనం కలిపినట్టుంది" అని మొహం చిట్లిస్తారు. ఆ ముక్కు నిజమే చెప్పింది. రూట్ బీరు వాసనలో ముఖ్యమైనది వింటర్‌గ్రీన్ తైలం, అంటే మిథైల్ సాలిసిలేటు. నొప్పుల లేపనాలలో ఉండేదీ అదే. మరి మన సుగంధి సోడా కూడా ఇలా వేరు వాసన మీద బతికేదే గదా. సుగంధిపాల వేరును ఇంగ్లీషువాళ్ళు ఇండియన్ సార్సపరిల్లా అన్నారు. రెండు మొక్కలకూ చుట్టరికం లేకపోయినా రెండు దేశాల దాహానికీ చుట్టరికం ఉంది.

మన వైపు కథ గోళీసోడాతో మొదలవుతుంది. ఆ సీసా మనది కాదు. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దానికి పేటెంటు తీసుకున్నాడు. గ్యాసు ఒత్తిడే గోళీని పైకి తన్ని మూతిలోని రబ్బరు ఉంగరానికి బిగించి పెడుతుంది. బిరడా అక్కర్లేదు, సీసా తిరిగి నింపుకోవచ్చు. ఇంగ్లండులో అది పాత సామాను సేకరించేవారి పాలైంది గానీ మన ఊళ్ళలో నిలిచిపోయింది. మన భాషలోకి కూడా వచ్చేసింది: దళసరి కళ్ళద్దాలు పెట్టుకున్నవాడు సోడాబుడ్డి, ఎన్నికల కొట్లాటలో ఎగిరేదీ సోడాబుడ్డే.

గోదావరి జిల్లావారు ఈపాటికి "మా ఆర్టోస్ మాట ఎప్పుడెత్తుతారు?" అని అడుగుతూ ఉంటారు. ద్రాక్షారామం పక్కనున్న రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు గారి కుటుంబం 1919లో సోడా వ్యాపారం పెట్టింది. ఆర్టోస్ అన్న పేరు 1955లో వచ్చింది. అంతకు ముందూ ఆ తరవాతా కూడా జనానికి అది రాజుగారి డ్రింకే. పెళ్ళి విడిదిలో, పొగాకు బేరం కుదిరినచోట, సినిమా హాలు విశ్రాంతిలో అది ఉండేది. ఇలాంటివి దేశమంతటా పుట్టాయి. తమిళదేశంలో 1916లో మొదలైన కాళీమార్క్ వారి బొవొంటో, సూరత్‌లో 1923లో మొదలైన సోస్యో ఆ తరానివే. విదేశీ సరుకు వద్దన్న కాలం వీటికి కలిసి వచ్చింది. 1977లో కోకాకోలా మన దేశం విడిచి వెళ్ళినప్పుడు థమ్సప్, కాంపాకోలా, ప్రభుత్వం వారి డబుల్ సెవెన్ బరిలోకి దిగాయి. 1993లో కోకాకోలా తిరిగి వచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ పేర్లను కొనేసింది. గోల్డ్ స్పాట్ కొన్నాళ్ళకు కనబడకుండా పోయింది. ఆర్టోస్ నిలబడింది.

ఇక్కడొక తమాషా గమనించాలి. ఆ రోజుల్లో మనం తాగిన వాటిలో తీపి చెరకుదే. ఇండియాలో పంచదార అంటేనే చెరకు పంచదార. అయినా మనలో ఎవరమూ "చెరకుతో చేసిన సోడా" అని అనలేదు. నీళ్ళను తడి నీళ్ళు అనం గదా! అది విశేషమని తెలియాలంటే పదివేల మైళ్ళు వచ్చి మొక్కజొన్న పాకం తాగవలసి వచ్చింది.

చెరకుకూ మనకూ ఉన్న సంబంధం ఇంకా లోతైనది. సంస్కృతంలో శర్కర పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్ అయి, చివరికి ఇంగ్లీషులో షుగర్ అయింది. ఖండం అన్న మాట ఇలాగే పడమటికి పోయి క్యాండీ అయింది. అనకాపల్లి బెల్లం మార్కెట్టు, అక్కడి చెరకు పరిశోధనా కేంద్రం, 1933లో పుట్టిన ఏటికొప్పాక సహకార చక్కెర ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొంది 2015లో మూతపడిన బోధన్ నిజాం షుగర్స్ – వీటి నీడన చదువుకున్న కుటుంబాలు ఈ లోయలో కూడా తక్కువ లేవు.

అయితే ఇంకో వలస కూడా ఉంది. మనం చదువుల మీద, వీసాల మీద వచ్చాం. మనకు ముందు తెలుగువాళ్ళు చెరకు మీద వెళ్ళారు. 1834 తరవాత బానిసత్వం రద్దయిన ద్వీపాలలో తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1843లో కోరింగ రేవు నుంచి కోరింగా పాకెట్ అనే ఓడ తెలుగువారిని మారిషస్‌కు తీసుకుపోయింది. అక్కడ తెలుగువారికి కోరంగీలన్న పేరు ఆ రేవును బట్టే వచ్చింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ నేటాల్ చేరింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి పంపారు. ఒప్పందం ఐదేళ్ళు, పని పొద్దస్తమానం, తప్పితే జరిమానా, జైలు. వాళ్ళు నరికిన చెరకే లండన్‌లో టీలోకీ సోడాలోకీ పోయింది. సీసా మీద "అసలైన చెరకు తీపి" అని చదివి మురిసేటప్పుడు ఈ సంగతి కూడా మనసులో ఉండాలి. చెరకుది స్వచ్ఛమైన చరిత్ర ఏమీ కాదు.

ఇక మనం ఉంటున్న చోటుకు వద్దాం. సిలికాన్ రాకముందు ఈ శాంటా క్లారా లోయ పండ్ల తోటలమయం. బే అవతల, ఇప్పుడు యూనియన్ సిటీలో కలిసిపోయిన అల్వరాడోలో 1870లో బీటు దుంపల నుంచి చక్కెర తీసే ఫ్యాక్టరీ పెట్టారు. అమెరికాలో నిలదొక్కుకున్న తొలి బీటు చక్కెర పరిశ్రమ అదేనని చెబుతారు. ఉత్తరాన క్రాకెట్‌లో 1906 నుంచి హవాయి చెరకు శుద్ధి చేసిన ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది. మనం పులిహోర తరవాత పాయసంలో పోసే సి అండ్ హెచ్ పంచదార అక్కడిదే. పేరులో హవాయి మిగిలింది గానీ, హవాయిలో చివరి చెరకు మిల్లు 2016లోనే ఆగిపోయింది.

చెరకునూ బీటునూ సోడాలోంచి తరిమింది మొక్కజొన్న. 1950లలో అమెరికన్ శాస్త్రజ్ఞులు, 1960లలో జపాన్ శాస్త్రజ్ఞులు మొక్కజొన్న గ్లూకోజును ఒక ఎంజైముతో ఫ్రక్టోజుగా మార్చే పద్ధతి పట్టుకున్నారు. 1974లో ప్రపంచ మార్కెట్టులో చక్కెర ధర పౌను 60 సెంట్లు దాటింది. ఆపైన 1981 వ్యవసాయ చట్టం, 1982 దిగుమతి కోటాలు ఈ దేశంలో చక్కెర ధరను బయటి ధర కంటే ఎత్తున నిలబెట్టాయి. మొక్కజొన్న మాత్రం పుష్కలం, చవక. 1980లో కోకాకోలా సగం తీపి పాకంతో చేయడానికి ఒప్పుకుంది. 1984 నవంబరులో కోకాకోలా, పెప్సీ రెండూ పూర్తిగా పాకానికి మారాయి. అంటే ఇది నాలుక తీర్చిన తగవు కాదు. వాషింగ్టన్‌లో, ఖాతా పుస్తకాలలో తీరిన తగవు.

ఒప్పుకోనివారు కొందరున్నారు. టెక్సాస్‌లోని డబ్లిన్ అనే చిన్న ఊళ్ళో 1891 నుంచి డాక్టర్ పెప్పర్ సీసాల్లో నింపుతున్న ఒక కుటుంబ ఫ్యాక్టరీ అందరూ మారినా చెరకు పంచదారనే పట్టుకుంది. దూరదూరాల నుంచి జనం కారు డిక్కీలు నింపుకుపోయేవారు. వాళ్ళకు కేటాయించిన ప్రాంతం దాటి అమ్ముతున్నారనీ, లేబిలు మీద తమ ఊరి పేరు వేసుకుంటున్నారనీ అసలు కంపెనీ 2011లో దావా వేసింది. 2012 జనవరిలో రాజీ కుదిరి డబ్లిన్‌లో డాక్టర్ పెప్పర్ ఆగిపోయింది. ఫ్యాక్టరీ వేరే పేర్లతో తన సొంత చెరకు సోడాలు చేసుకుంటూ బతికింది. ఊరి సోడా ఎక్కడైనా ఇలాగే బలహీనమైనది: రుచి ఊరిది, పేరు కంపెనీది అయినప్పుడు ఊరు ఓడుతుంది. పేరు కూడా తనదే అయిన రామచంద్రపురం నిలిచిందంటే ఇదీ ఒక కారణమని మా అభిప్రాయం.

వెతుక్కునేవారికి నాలుగు ఆనవాళ్ళు. లేబిలు మీద ‘కేన్ షుగర్’ అని ఉంటేనే చెరకు. వట్టి ‘షుగర్’ అంటే బీటు కూడా కావచ్చు. మెక్సికో కోకాకోలా 2005 నుంచి ఈ దేశంలో అధికారికంగా అమ్ముడవుతోంది. వసంతంలో యూదుల పాసోవర్ పండుగ ముందు పసుపుపచ్చ మూతల కోకాకోలా వస్తుంది. మన ఏకాదశికి అన్నం మానినట్టు వారిలో చాలామంది ఆ వారం మొక్కజొన్న ముట్టరు గనుక అందులో పాకం ఉండదు. న్యూజెర్సీ బాయిలన్, సియాటిల్ జోన్స్ చెరకు పంచదార వాడతామని చెప్పుకున్నవే. లాస్ ఏంజెలెస్‌లో గాల్కోస్ అనే కొట్టు చిన్న ఊళ్ళ సోడాలన్నిటికీ ఒక గ్రంథాలయం లాంటిది. చివరికి 2025 జులైలో కోకాకోలా కంపెనీవారే అమెరికా చెరకు పంచదారతో ఒక రకం తెస్తామని ప్రకటించారు.

ఇప్పుడు వైద్యం. పంచదార అణువులో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. సోడాలో వాడే పాకంలో ఫ్రక్టోజు సుమారు 55 పాళ్ళు. తేడా అంతే. పైగా సోడాలోని ఆమ్లంలో నిలవుంటే పంచదార సీసాలోనే కొంత విడిపోతుంది. మిగిలినది చిన్నపేగులో విడిపోతుంది. కాలేయానికి చేరేసరికి అది గోదావరి నుంచి వచ్చిందో అయోవా నుంచి వచ్చిందో తెలియదు. 12 ఔన్సుల డబ్బాలో సుమారు 39 గ్రాములు, అంటే దాదాపు పది చెంచాలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు 2009లో పెట్టిన హద్దు ఆడవారికి రోజంతటికీ 25 గ్రాములు, మగవారికి 36.

మనవాళ్ళకు హద్దు ఇంకా దగ్గర. సన్నగా కనిపించే దేహంలో కూడా పొట్ట చుట్టూ, కాలేయంలో కొవ్వు చేరే లక్షణం మనది. అందుకే 2015లో అమెరికన్ డయాబెటీస్ అసోసియేషన్ ఆసియావారికి మధుమేహ పరీక్ష బిఎంఐ 25 దగ్గర కాక 23 దగ్గరే మొదలుపెట్టమంది. ఇండియాలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైమాటేనని 2023లో వచ్చిన ఐసిఎంఆర్ అధ్యయనం చెప్పింది. మా దగ్గరకు వచ్చే మనవారిలో ముప్పయి ఐదేళ్ళు నిండకుండానే రక్తంలో చక్కెర, కాలేయంలో కొవ్వు కనబడేవారున్నారు. వారిలో సిగరెట్టు ముట్టనివారు, మాంసం తిననివారు ఎందరో. "అసలైన పంచదారే గదా" అనే మాట వారికి మేలు చేయదు. చెరకు అన్న ముక్కను మందు చీటీలాగా చదవవద్దని మా మనవి.

అయితే తాగనే వద్దా? అలా అనం. పూర్వం ఆ సీసా ఎలా తాగేవారో గుర్తు తెచ్చుకోండి. చుట్టాలొస్తే ఒక కుర్రవాణ్ణి పరుగెత్తించి తెప్పించేవారు. రెండు సీసాలు ఆరు గ్లాసులయ్యేవి. పిల్లలకు అడుగున రెండు గుక్కలు. తాగాక సీసా తిరిగి ఇచ్చేయాలి. ఆ సోడాలో ఆరోగ్యం ఏదైనా ఉంటే అది చెరకులో లేదు, ఆ పంచుకోవడంలో ఉంది. ఉగాదికో సంక్రాంతికో చెరకు తీపి సీసాలు తెచ్చుకుంటే అలాగే తెచ్చుకుందాం. పిల్లలకు చిన్న గ్లాసులో పోసి, పెద్ద కథ చెబుదాం: కోరింగ రేవు కథ, రామచంద్రపురం కథ, అల్వరాడో కథ.

ఒక విన్నపం. మన ఊళ్ళలో ఒక్కొక్క దానికీ ఒక్కొక్క సోడా ఉండేది. చాలావాటికి లేబిలు కూడా లేదు, నింపినవారి పేరే పేరు. అవి ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఈ వేసవిలో మీ ఇళ్ళలో ఉంటారు. వారి ఊళ్ళో సోడా ఎవరు కట్టేవారు, సీసా ఎంత, ఏ రంగు, ఎప్పుడు ఆగిపోయింది అని అడిగి నాలుగు వాక్యాలు రాసి పంపితే ఈ పత్రికలోనే వేసుకుందాం. రుచి ఎలాగూ దాచలేం. పేర్లయినా దాచుకుందాం.