రెండు వ్యవస్థల కంప్యూటరులో బూట్ మెనూ కనబడకపోతే

హౌరా–ముంబయి ప్రధాన మార్గం నుంచి కట్నీ వైపు వెళ్లే లైను బిలాస్‌పూర్ వద్ద చీలుతుంది. బండి ఏ దారి పట్టాలో పాయింట్లు నిర్ణయిస్తాయి. విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటరులో ఆ పని బూట్ మెనూది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ పట్టణంలోనైనా, మరెక్కడైనా ఇళ్లలోని పాత కంప్యూటర్లకు ఇటీవల ఒకే చిక్కు వచ్చింది. విండోస్ 10కు ఉచిత భద్రతా నవీకరణలు 2025 అక్టోబర్ 14తో సాధారణంగా ముగిశాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్ అవసరం. అది లేనివారిలో కొందరు విండోస్‌ను ఉంచుకొనే, పక్కన లినక్స్‌ను స్థాపించుకుంటున్నారు.

ఒకనాడు నవీకరణ జరిగిన తరువాత మెనూ రాదు. నేరుగా విండోస్ తెరుచుకుంటుంది. లినక్స్‌తో పాటు పింఛను కాగితాలు, పిల్లల ఫొటోలు పోయాయన్న కంగారు సహజం. చాలా సందర్భాలలో అవి డిస్కులో తమ విభాగంలోనే భద్రంగా ఉంటాయి. మారినది ప్రారంభ క్రమం మాత్రమే. అసలు నష్టం తొందరపడి లినక్స్‌ను మళ్లీ స్థాపిస్తూ ‘డిస్కు మొత్తం చెరిపివేయి’ అన్న ఎంపికను నొక్కినప్పుడే జరుగుతుంది.

ముందుగా కంప్యూటరును ఆపి, ఆన్ చేసిన వెంటనే ఎఫ్12 నొక్కాలి. కొన్ని కంపెనీల యంత్రాలలో అది ఎఫ్9 లేదా ఎస్కేప్ మీట. వచ్చిన జాబితాలో ఉబుంటు వంటి పేరు ఉండి, దానిని ఎంచుకోగానే లినక్స్ తెరుచుకుంటే బెంగ అక్కరలేదు. యూఈఎఫ్ఐ అమరికలలో ఆ పేరును మొదటి స్థానానికి జరిపితే సరిపోతుంది.

లినక్స్ వస్తున్నా మెనూలో విండోస్ లేకపోతే కారణం వేరు. 2021లో వెలువడిన గ్రబ్ 2.06 నుంచి ఇతర వ్యవస్థలను వెదికే ఓఎస్-ప్రోబర్ సహజంగా నిలిపివేసి ఉంటుంది. గ్రబ్ అమరికల ఫైలులో దానిని తిరిగి అనుమతించి, ఉబుంటులో ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ ఆదేశం ఇవ్వాలి. రెండు వ్యవస్థలలో ఒకటి యూఈఎఫ్ఐ పద్ధతిలో, మరొకటి పాత బయోస్ పద్ధతిలో స్థాపించి ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు.

2024 ఆగస్టు విండోస్ నవీకరణ తరువాత కొన్ని కంప్యూటర్లలో లినక్స్ మొదలవుతూనే భద్రతా విధాన ఉల్లంఘన అన్న సందేశంతో ఆగిపోయింది. దానికి సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపవలసి వచ్చింది. అయితే బిట్‌లాకర్ ఉన్న యంత్రంలో ఈ అమరికను తాకగానే విండోస్ 48 అంకెల రికవరీ తాళం అడగవచ్చు. అది చేతిలో లేకుంటే ఆ డిస్కులోని సమాచారం దాదాపు అందనట్టే. కనుక ముందే దానిని కాగితంపై రాసి పెట్టుకోవాలి.

జాబితాలో లినక్స్ పేరే లేనప్పుడు లైవ్ యూఎస్‌బీతో కంప్యూటరును తెరచి, ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కుకు నకలు తీసుకొని, ఆ తరువాతే గ్రబ్‌ను పునఃస్థాపించాలి.

అంతా చక్కబడిన తరువాత విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనుకబడి కనిపిస్తే అది కొత్త లోపం కాదు. యంత్రంలోని గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లినక్స్ విశ్వ సమయంగా చదువుతాయి. లినక్స్‌లో దానిని స్థానిక సమయానికి మార్చుకోవచ్చు.