పొలానికి పట్టా సరే, ఇంటికేదీ?

ఫ్లాటు లోను కోసం ముప్పయ్యేళ్ళ లింకు డాక్యుమెంట్లు ఏరుకునే మనకి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఇళ్ళ సంగతి వింతగానే ఉంటుంది. 1949లో జాగీర్ల రద్దుతో గద్వాల, వనపర్తి సంస్థానాలూ పోయాయి. (వనపర్తి ప్యాలెస్ 1959లో పాలిటెక్నిక్ అయింది, బానే ఉంది!) 1950 కౌలు చట్టం ఏళ్ళ తరబడి దున్నిన కౌలురైతుని ‘రక్షిత కౌలుదారు’ని చేసింది. మరి అతని ఇల్లో? అది గ్రామకంఠంలో ఉంది. తాతలనాటి కాపురమైనా చాలామందికి పట్టా లేదు, ఉన్నది ఇంటిపన్ను రసీదే. పంపకాలు నోటిమాట, అమ్మకాలు తెల్లకాగితం.

ఇంగ్లండులో ఇంకో తిరకాసు... లీజు ఇల్లయితే కొన్నా సరే, కింద నేల భూస్వామిదే. 1967 చట్టం వచ్చాక అలాంటి ఇళ్ళవాళ్ళు చాలామందికి ఆ నేల కొనుక్కునే హక్కొచ్చింది. మనోళ్ళని నేలకి అద్దె అడిగేవాడు లేడు గానీ, పిల్లల చదువుకి ఆ ఇంటిమీద బ్యాంకులో అప్పు పుట్టడమే కష్టం.